పానశాల, పాతర

ఒక పద్యం ఎప్పుడు పుట్టింది, దానికి మూలమేది, ఛందస్సేది అన్న ప్రశ్నలు మన కళాశాలల్లో ఏటేటా వేస్తూనే వుంటాం. ఆ పద్యం చివరికి ఎవరి ఇల్లు చేరింది, అక్కడ ఏ పనికి వినియోగపడుతున్నది అన్న ప్రశ్న మాత్రం ఏ పరీక్షపత్రంలోనూ కనిపించదు. సాహిత్యం ఒక వర్గం చేతినుండి మరొక వర్గం చేతికి మారినప్పుడు దాని అర్థం కూడా మారుతుందని నమ్మే మనం ఈ రెండవ ప్రశ్నను విడిచిపెట్టడం న్యాయం కాదు. నన్ను ఆ ప్రశ్న ముందు నిలబెట్టినవాడు నా పాత సహాధ్యాయి ఒకడు.

అతడు, నేను కడపలో కలిసి బి.ఏ. చదివాం. విద్యార్థి సభల్లో శ్రీశ్రీ గేయాలు గొంతెత్తి చదివినవాడు. ఆ తర్వాత నేను ఎం.ఏ. తెలుగు చదివి ఉపన్యాసకుణ్ణయ్యాను. అతడు ముగ్గురాయి తోలే లారీలు కొని నాలుగు డబ్బులు వెనకేసుకున్నాడు. ఇటీవల ఒంటిమిట్టలో, రాజంపేట రోడ్డుకు కాస్త లోపలగా, తాతల నాటి పాత ఇల్లు పడగొట్టి రెండంతస్తుల కొత్త ఇల్లు కట్టాడు. గృహప్రవేశమైన నెలకు నన్ను పిలిచి, ఇల్లంతా చూపించి, చివరకు నేలకింద గదిలోకి దింపాడు. నల్లని కడప బండ పరిచిన కౌంటరు, దాని వెనుక అద్దాల అరల్లో వరుసగా సీసాలు, చిన్న ఫ్రిజ్జు, కాళ్ళు నేలకానని ఎత్తు కుర్చీలు నాలుగు, చల్లటి గాలి. బయటి చప్పుడేదీ లోపలికి రాదు. లోపలి చప్పుడు బయటికి పోదు.

కౌంటరు మీది గోడ ఒక్కటే ఖాళీగా వుంది. దాన్ని చూపించి అతడన్నాడు: "ఏం సామీ, తెలుగు ఎమ్మేవి గదా! ఈ గోడమీద రాయించేకి పానశాలలోది మంచి పద్యమొకటి ఏరి ఇయ్యి."

సరేనన్నాను. ఇంటికి వచ్చి దువ్వూరి రామిరెడ్డి గారి 'పానశాల' మళ్ళీ చదివాను. చదివిన కొద్దీ ఆ పద్యాలలో ఏ ఒక్కటీ ఆ గోడమీద నిలవదని తోచింది. ఎందుకు నిలవదో వివరించడమే ఈ వ్యాసం పని.

ఉమర్ ఖయ్యాము 1048లో నిషాపూరులో పుట్టిన గణితవేత్త. ఘన సమీకరణాలను సాధించే పద్ధతుల మీద గ్రంథం రాసినవాడు. 1079లో అమలులోకి వచ్చిన పంచాంగ సంస్కరణలో పాల్గొన్నవాడు. అతని పేర చెలామణి అయ్యే రుబాయీలను 1859లో ఫిట్జెరాల్డు ఇంగ్లీషులోకి తెచ్చాక అవి లోకమంతటా వ్యాపించాయి. తెలుగులో ఆదిభట్ల నారాయణదాసు గారు వాటిని సంస్కృతంలోకీ అచ్చతెలుగులోకీ దించారు. దువ్వూరి రామిరెడ్డి గారు పారశీకం నేర్చి, మూలం చూసుకొని 'పానశాల' రాశారు. ఆ కావ్యం మన భావకవితా యుగపు శ్రేష్ఠ రచనల్లో ఒకటి అనడానికి నాకు సందేహం లేదు.

అయితే పారశీక కవిత్వంలో పానశాల అంటే ఏమిటి? ఆ కవులు దానికి వాడే ఒక మాట 'ఖరాబాత్'. ఆ మాటకు అర్థం పాడుపడ్డ చోటు, శిథిలాలు. మర్యాదస్థులు అటు పోరు. మతం మద్యాన్ని నిషేధించిన సమాజంలో ఆ అంగడి నడిపేవాడు అన్యమతస్థుడు. మసీదులో ముందు వరుసలో నిలబడేవాని డాంబికాన్ని ఎగతాళి చేయడానికి కవి ఆ శిథిలంలోకి పోయి కూర్చుంటాడు. అక్కడ సుల్తానుకు ఎత్తు పీట లేదు, బిచ్చగానికి గడప అడ్డం లేదు. రాజుల పుర్రెలు మట్టిలో కలిసి, ఆ మట్టే కుమ్మరి చేతిలో కూజా అవుతుందన్న ఊహ ఆ కవిత్వమంతటా మళ్ళీ మళ్ళీ వస్తుంది. అంటే ఆ పానశాల ముఖ్య లక్షణం మద్యం కాదు, తెరిచిన తలుపు. హోదాను గుమ్మం బయట విడిచి రావలసిన చోటు అది.

నా మిత్రుని గది లక్షణం దీనికి సరిగ్గా తలకిందులు. అక్కడికి పిలుపు అందినవాడే దిగుతాడు. ఎవరిని పిలవాలన్నది గృహస్థుని లెక్క: బిల్లు పాసు చేయవలసిన ఇంజనీరు, పర్మిటు ఇప్పించగల నాయకుడు, అప్పుడప్పుడు, పాత స్నేహం కొద్దీ, ఒక తెలుగు ఉపన్యాసకుడు. హోదాను అక్కడ విడవనక్కరలేదు; ఎవని హోదాకు తగిన సీసా వానికి సిద్ధంగా వుంటుంది. తలుపు మూసి వుంచడానికి కట్టిన గది మీద తలుపు తెరిచిన పద్యం రాయిస్తే పద్యానికి అర్థం మిగలదు, అలంకారం మాత్రం మిగులుతుంది. కావ్యాన్ని గోడకాగితం చేయడమంటే ఇదే.

ఇక మన సాహిత్యం మద్యాన్ని ఎక్కడ చూసిందో పరిశీలిద్దాం. 'కన్యాశుల్కం' 1909 నాటి కూర్పులో గురజాడ ఒక సారా దుకాణం చూపించాడు. బైరాగి, హెడ్డు కనిస్టీబు, వీరేశ మొదలైనవారంతా అక్కడ చేరతారు. తాగుడుకు వేదాంతపు ముసుగు తొడిగే బైరాగి, చట్టాన్ని కాపాడవలసిన కనిస్టీబు ఒకే చోట కూర్చుని తాగుతారు. గురజాడ వాళ్ళకు ఉపన్యాసమివ్వలేదు. వాళ్ళ మాటలు వాళ్ళచేతనే అనిపించి, ఆ సమాజపు పెద్దరికం ఎంత బోలుదో తేల్చాడు. తర్వాత కాళ్ళకూరి నారాయణరావు గారు 'మధుసేవ' రాశారు. కన్యాశుల్కంలో దుకాణం సమాజాన్ని చూపించే కిటికీ. మధుసేవలో పానం ఒక దోషం, మాన్పించవలసిన జబ్బు. సంస్కరణోద్యమం ఆ నాటకానికి బలమిచ్చింది. పరిధి గీసినదీ ఆ ఉద్యమమే.

ఆ తర్వాత మన కథానికల్లోనూ సినిమాల్లోనూ ఒక అలవాటు స్థిరపడింది. తాగి తూలేవాడు కూలివాడు, రిక్షావాడు, పల్లెటూరి పనివాడు. ధనవంతుడు తాగితే అది విరహం, లేదా విలాసం. చేతిలో గ్లాసు, ఒంటిమీద సిల్కు గౌను. మొదటివానిది దురలవాటు, రెండవవానిది అభిరుచి! ఈ భేదం వర్గ దృష్టి కాక మరేమిటి? 1845లో ఇంగ్లండు కార్మికుల స్థితిని గురించి రాసినప్పుడు ఎంగెల్సు వాళ్ళ తాగుడును దాచలేదు. కాని దాన్ని వాళ్ళ పని గంటల నుండి, ఇరుకు కొంపల నుండి విడదీసి చూడలేదు. మన రచయితల్లో చాలామంది విడదీసి చూశారు. అభ్యుదయ రచయితలమని చెప్పుకొనే మనలోనూ ఆ లోపం లేదనలేం.

మన పురాణ రచయితలు ఈ విషయంలో మనకంటె నిర్మొహమాటంగా వున్నారు. వ్యాస భారతంలోని మౌసల పర్వంలో, మునుల శాపం తగిలాక, ద్వారకలో ఒక చాటింపు వేస్తారు: వృష్ణ్యంధకుల ఇళ్ళలో ఇకమీదట ఎవరూ సుర చేయరాదు; చేసినవానికి బంధువులతో కూడా కొరతే శిక్ష. నేను చదివినంతలో ఇంటి మద్యం మీద ఇంత కఠినమైన శాసనం మరొకటి లేదు. గమనించండి, ఆ శాసనం అంగడిని గురించినది కాదు, పాలక వంశం వారి ఇళ్ళను గురించినది. ఆ పాలకులే కొద్దికాలానికి ప్రభాస తీర్థంలో పీకలదాకా తాగి, ఒకరినొకరు చంపుకొని అంతరించారు. ఇతిహాసకారుడు తప్పును వీధిలో వెతకలేదు, రాచకుటుంబంలో వెతికాడు.

ఆధునిక ప్రభుత్వాలు చేసినది దీనికి విరుద్ధం. ఈ చరిత్రలో మా కడప జిల్లాకు ప్రత్యేక స్థానం వుంది. రాజాజీ మంత్రివర్గం 1937లో సేలం జిల్లాలో మద్యనిషేధం మొదలుపెట్టి, 1938లో చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరించింది. అంటే దేశంలో మొదటి నిషేధ జిల్లాలలో మాది ఒకటి. పోయిన ఆబ్కారీ రాబడిని భర్తీ చేయడానికి 1939లో అమ్మకం పన్ను వచ్చింది. తాగేవాడు కట్టిన పన్ను పోయి, కొనేవాడు కట్టే పన్ను వచ్చింది. నిషేధ చట్టంలోనే సొంత వాడకానికి పర్మిట్లు ఇచ్చే వెసులుబాటు వుంది. కల్లుముంతకు శిక్ష, పర్మిటు సీసాకు రక్షణ! ఇంట్లో బారు పెట్టుకొనే సంస్కృతికి మొదటి పునాదిరాయి అక్కడే పడిందని నా అభిప్రాయం.

యుద్ధకాలంలో ఎత్తివేసిన నిషేధం 1948 అక్టోబరు నాటికి మద్రాసు రాష్ట్రమంతటా అమలులోకి వచ్చింది. ఆంధ్రరాష్ట్రం ఏర్పడిన మరుసటి ఏడే, 1954 నవంబరులో, మద్యనిషేధాన్ని గురించిన ఓటింగులో ప్రకాశం ప్రభుత్వం ఒక్క ఓటుతో కూలిపోయింది. ఆనాడు కమ్యూనిస్టులు గీత కార్మికుల జీవనోపాధి దృష్టిలో పెట్టుకొని ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఓటు వేశారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా అంగళ్ళ మీదికి కదిలినప్పుడు వామపక్ష మహిళా సంఘాలు వాళ్ళ పక్షాన నిలిచాయి. ఈ రెంటికీ పొంతన లేదని ఎగతాళి చేసేవారున్నారు. పొంతన వుంది. 1954లో ప్రశ్న కల్లు గీసేవాని కూడు. 1992లో ప్రశ్న సారా కాంట్రాక్టరు లాభం, కూలివాని ఇల్లాలి కన్నీరు. రెండు చోట్లా శ్రమ ఎవరిది, లాభమెవరిది అన్నదే కొలబద్ద.

దూబగుంట ఉద్యమం చదువు నుండి పుట్టింది. అక్షరాస్యతా పాఠాల్లోని 'సీతమ్మ కథ' చదివిన స్త్రీలు తమ ఊరి అంగడి మూయించారు. సాహిత్య విద్యార్థులు ఈ సంగతి మరచిపోరాదు. వాచకంలోని ఒక చిన్న కథ చేసిన పని మన మహాకావ్యాలు ఎన్ని చేశాయి? 1993 అక్టోబరులో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం. 1997లో దాని సడలింపు. 2019లో చిల్లర దుకాణాలు ప్రభుత్వమే నడిపింది, 2024 అక్టోబరు నుండి మళ్ళీ ప్రైవేటు వారి చేతికి పోయాయి. 2020లో కరోనా కట్టడికి దుకాణాలు మూసిన రోజుల్లో ప్రకాశం జిల్లా కురిచేడులో చేతులు శుభ్రం చేసుకొనే శానిటైజరు తాగి పదిమందికి పైగా చనిపోయారు. ఆ మూసివేత రోజుల్లో నేలమాళిగలో నిండు అర వున్నవాడు ఏ సాయంత్రమూ దాహంతో పడుకొని వుండడు.

దుకాణాలు తెరిచినా మూసినా, ప్రభుత్వం నడిపినా కాంట్రాక్టరు నడిపినా, చట్టం చూపు ఎప్పుడూ రోడ్డుమీదనే. ఇంటి కిందికి అది దిగదు. అంతకంటె ముఖ్యమైన మాట మరొకటి: దూబగుంట స్త్రీలు కూడా అక్కడికి దిగలేరు. అంగడి వీధిలో వుంది కనుక పదిమంది ఆడవాళ్ళు కొంగులు బిగించి దాని ముందు కూర్చోగలిగారు. నేలకింది గదిముందు ఎవరు కూర్చుంటారు? అక్కడ వున్నది ఒక్క ఇల్లాలు.

ఆ సాయంత్రం నేను చూసింది చెబుతాను. మేము ముగ్గురం కూర్చున్నాం. మిత్రుని భార్య వేయించిన చెనిగ్గింజలు తెచ్చింది. తర్వాత మంచు ముక్కలు తెచ్చింది. తర్వాత కోడి వేపుడు తెచ్చింది. పద్నాలుగు మెట్లు. దిగిన ప్రతిసారీ పళ్ళెం పెట్టి, ఖాళీ గ్లాసులు తీసుకొని పైకి పోయింది. ఆమెను ఎవరూ కూర్చోమనలేదు, నేను కూడా అనలేదు. పానశాలలో కవి సాకీని ఎన్ని విధాల వేడుకుంటాడో, ఎంత గౌరవంగా సంబోధిస్తాడో ఆ కావ్యం చదివినవారికి తెలుసు. ఈ గదిలో సాకీ వుంది, సంబోధన లేదు. వీధి బారులో ఇదే పని చేసిన కుర్రవానికి నెలకింత అని జీతమైనా వుంటుంది.

మేము పైకి వచ్చాక మిత్రుని తల్లి వసారాలో కూర్చుని వుంది. కిందికి ఎన్నడూ దిగలేదట. నన్ను పలకరించి ఆమె చెప్పిన మాట ఇది: "ఆ గది తవ్విన కాడ్నే మా మామ కాలంలో జొన్నల పాతర ఉండె నాయనా. పాతర తీసిన దినమే దిగేవాళ్ళం కాము. దీపం దించి, అది ఆరకుంటేనే మనిషిని దించేది."

రాయలసీమ పాఠకులకు పాతరను గురించి చెప్పనక్కరలేదు. గట్టినేలలో గుంత తవ్వి, అడుగునా చుట్టూ గడ్డి పేర్చి, జొన్నలు పోసి, పైన మన్ను కప్పి కరువు కాలానికి దాచుకొనేవారు. లోపలి చెడ్డగాలికి మనుషులు చచ్చిపోయేవారు కనుక దీపంతో పరీక్ష. ఈ సీమలో నేలకింద గుంత తవ్వడమంటే ఆకలికి భయపడి తవ్వడమే. విద్వాన్ విశ్వం 'పెన్నేటి పాట' వంటి కావ్యం పుట్టిన నేల ఇది.

కాని ఇక్కడ మనం గతాన్ని తలచుకొని కన్నీరు కార్చనక్కరలేదు. పాతర అందరికీ వుండేదా? నాలుగెకరాలు పండించినవానికి వుండేది. కూలివానికి గుంత తవ్వే పని దొరికేది గాని అందులో పోయడానికి గింజలుండేవి కావు. కరువు వచ్చినప్పుడు పెద్దరైతు పాతర తెరవడానికి ధర పెరిగేదాకా ఆగిన సందర్భాలు లేవని ఎవరు చెప్పగలరు? కనుక పాతర పుణ్యమూ కాదు, సెల్లారు కొత్త పాపమూ కాదు. రెండూ మిగులును నేలకింద దాచే పద్ధతులే. తేడా ఒక్కటి వుంది. పాతరలోని జొన్నలు ఆలస్యంగానైనా, ఎక్కువ ధరకైనా ఊరి నోటికి చేరేవి. ఈ అద్దాల అరలోనిది ఊరికి ఎన్నడూ చేరదు. దాని పునాది తవ్విన కూలీలు సాయంత్రమైతే రోడ్డు పక్క బెల్టుషాపు చీకట్లో నిలబడి, నిలువునా గొంతులో పోసుకొని ఇంటికి పోయారు. వాళ్ళను చూపించి నా మిత్రుడే అన్నాడు: "ఈ నా కొడుకులు తాగి తాగి చెడిపోతాండారు సామీ!" ఆ మాట అంటున్నప్పుడు అతని గొంతులో నిజమైన జాలి వుంది. అతడు చెడ్డవాడు కాడు. చెడ్డవాడైతే ఈ వ్యాసం రాయవలసిన పని లేదు.

ఒక ఆక్షేపణ రావచ్చు. తన ఇంట్లో తన డబ్బుతో తాను తాగుతున్నాడు. వీధిలో పడడం లేదు, ఎవరినీ కొట్టడం లేదు. విమర్శకునికి ఎందుకీ బాధ? నేను మద్యనిషేధ ప్రచారకుణ్ణి కాను. తాగినవాడు పాపి అని చెప్పడం అభ్యుదయ సాహిత్యం పని కాదు. ఒకే పానీయం చీకటి రోడ్డు మీద తాగితే నేరంగానూ, చల్లని గదిలో తాగితే సంస్కారంగానూ కనబడుతున్నదే, ఆ చూపును ప్రశ్నించడం మన పని. ఆ చూపుకు కావ్యాన్ని సాక్ష్యంగా తెచ్చినప్పుడు సాహిత్య విమర్శకుడు ఊరుకోరాదు.

ఇక నా సంగతి. ఆ సాయంత్రం నేనూ ఒక గ్లాసు తాగాను. హాయిగానే వుంది. బజారులోని దుకాణానికి నేను ఎన్నడూ పోను. విద్యార్థులు చూస్తారన్న భయం. ఆ భయం వల్లనే ఆ గది నాకు అంత నచ్చింది. గౌరవం చెడకుండా తాగే చోటు కావలసినవాడు లారీల యజమాని ఒక్కడే కాడు, యు.జి.సి. జీతం తీసుకొనే ఉపన్యాసకుడు కూడా. మధ్యతరగతి రచయిత ఇంతకాలం కూలివాని తాగుడు మీదనే కథలు రాయడానికి కారణం వెతుకుతూ పోతే నాకు దొరికిన సమాధానం ఇది: అతనికి పిలుపు అందుతున్నది. పిలిచినవాని మీద రాయడం కష్టం.

వారం తర్వాత మిత్రుడు ఫోను చేశాడు. ఈ పద్యాలు ఆ గోడకు పనికిరావని, అవి తలుపులేని అంగడి పద్యాలని చెప్పాను. నవ్వాడు. "ఏంది సామీ, నువ్వూ తాగితివి గదా!" అన్నాడు. తాగినాను కనుకనే చెబుతున్నానన్నాను. దువ్వూరి వారి పద్యమే కావాలంటే ఆయన 'కృషీవలుడు' కూడా రాశాడని, స్వయంగా సేద్యం తెలిసిన కవి అని, అందులోది ఏరి ఇస్తానని చెప్పాను. పాతర వున్న చోట రైతు పద్యం వుండడం న్యాయం గదా! కాసేపు మాట్లాడలేదు. "అది ఆడ బాగుండదులే" అని ఫోను పెట్టేశాడు.

అతని మాట నిజమే, అది అక్కడ బాగుండదు. ఎందుకు బాగుండదో అతనికి కూడా అర్థమయిందని నా నమ్మకం. ఒకే కవి రాసిన రెండు కావ్యాలలో ఒకటి ఆ గదిలోకి దిగగలగడం, రెండవది దిగలేకపోవడం మన సాహిత్య చరిత్రలో చర్చించవలసిన విషయం. మన యువరచయితలు బెల్టుషాపు ముందు నిలబడ్డవాని కథ ఇంకా రాయవలసిందే. దానితోబాటు ఆ పద్నాలుగు మెట్లు దిగి ఎక్కే ఆమె కథ కూడా రాయాలి. ఆ కథ రాసేవారు పాతర తీసే రైతు చేసిన పనే ముందుగా చేయాలి: దీపం దించి చూడాలి. నావంటివాళ్ళు ఆ దీపం తమ ముఖం మీద కూడా పడనివ్వాలి.